చంద్రుడి మీద దిగాం సరే, మా బోర్లో నీళ్లేవి సార్? – తరచుగా అడిగే ప్రశ్నలు

2023 ఆగస్టు 23 సాయంత్రం మా హైస్కూల్లో ప్రొజెక్టర్ పెట్టి చంద్రయాన్-3 దిగడం చూపించాం. అనంతపురం టౌనుకు బస్సులో గంటన్నర దూరంలో ఉన్న ఊరు మాది. పిల్లలతో పాటు పెద్దవాళ్లూ చాలామంది వచ్చారు. చేలో పని లేదు మరి. 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశం మొత్తానికి అంత ఎండిపోయిన ఆగస్టు ఇంకొకటి లేదు. ఊడలు దిగాల్సిన బుడ్డల (వేరుశనగ) చెట్లు మధ్యాహ్నానికి ఆకులు ముడుచుకుంటున్నాయి.

ఆరు దాటి నాలుగు నిమిషాలకు ల్యాండర్ దిగింది. చప్పట్లు, ఈలలు. వెనక బెంచీలో కూర్చున్న ఒక పెద్దాయన ఆ గోల తగ్గేదాకా ఆగి, "ఆడ నీళ్లుండాయంట గదా సార్, మా బోర్లో ఎప్పుడొస్తాయి?" అన్నాడు.

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. నేను సైన్స్ టీచర్ని, ఆ రోజు ఏదో చెప్పి తప్పించుకున్నాను. తర్వాత అదే ప్రశ్న రకరకాలుగా ఎదురైంది, టీ అంగడి దగ్గర, పేరెంట్స్ మీటింగులో, మా స్టాఫ్ రూములో. అలా అడిగినవాటిని, ఇంటికొచ్చి లెక్కలు చూసుకుని నేను చెప్పిన జవాబులను ఇక్కడ పెడుతున్నాను.

అసలు ఏడాదికి ఎంత ఖర్చు పెడుతున్నాం సార్?

2024-25 కేంద్ర బడ్జెట్‌లో అంతరిక్ష శాఖకు కేటాయించింది సుమారు 13,000 కోట్లు. మొత్తం బడ్జెట్ 48 లక్షల కోట్లకు పైమాటే. అంటే ప్రభుత్వం వంద రూపాయలు ఖర్చు పెడితే అందులో అంతరిక్షానికి పోయేది 27 పైసలు.

కోట్లలో చెబితే ఎవరికీ తలకెక్కదు కాబట్టి మనిషి లెక్కన చూద్దాం. దేశంలో 140 కోట్ల మందిమి అనుకుంటే తలకు ఏడాదికి 93 రూపాయలు పడుతుంది. టవర్ క్లాక్ దగ్గర టీ పది రూపాయలు, అంటే తొమ్మిది టీలు. చంద్రయాన్-3 ఒక్కదానికే అయితే సుమారు 615 కోట్లు, తలకు నాలుగున్నర రూపాయలు కూడా కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి అనంతపురం జిల్లా జనం దాదాపు 41 లక్షలు. ఆ లెక్కన ఇస్రోకు మన జిల్లా వాటా ఏడాదికి 38 కోట్ల చిల్లర.

ఆ డబ్బంతా ఆపేసి పేదోళ్లకు పంచితే?

పంచుదాం. దేశంలో ఉచిత రేషన్ తీసుకునేవాళ్లు సుమారు 80 కోట్ల మంది. 13,000 కోట్లను వాళ్లకు సమానంగా పంచితే ఒక్కొక్కరికి ఏడాదికి 163 రూపాయలు, నెలకు పదమూడున్నర. అదే ఏడాది కేంద్రం ఆహార సబ్సిడీకి పెట్టింది 2 లక్షల 5 వేల కోట్లు, ఉపాధి హామీ పనికి 86,000 కోట్లు. ఇస్రో మూతబడితే ఆ పద్దులు కొంచెం లావవుతాయి, అంతే.

ఇంకో సంగతి. ఇస్రో డబ్బు ఆపితే అది నేరుగా పేదవాడి ఇంటికి నడుచుకుంటూ వస్తుందని ఎవరు చెప్పారు? మిగిలిన డబ్బు ఎక్కడికైనా పోవచ్చు. రోడ్డుకు, యుద్ధ విమానానికి, ఎన్నికల ముందు ఇచ్చే ఏదో ఒక వరానికి.

అంటే మొత్తం చిన్నదే కాబట్టి నోరు మూసుకోవాలా?

లేదు. ఈ వాదన ఇక్కడితో ఆపేసేవాళ్లంటే నాకు చిరాకు. "మా ఖర్చు చిన్నదే" అని ప్రతి శాఖా అనగలదు. అన్ని చిన్నవీ కలిసే 48 లక్షల కోట్లయింది. కూలికి పోయే ఇంట్లో 93 రూపాయలు ఎవరికైనా ఊరికే ఇస్తారా? ఇవ్వరు. దేనికి తీసుకున్నావు, ఏం తెచ్చావు అని అడుగుతారు. అలా అడగడం న్యాయం కూడా. నాకు తెలిసినంతలో దానికి ఒక్క జవాబు చాలదు. ఇస్రో చేసే పనులన్నీ ఒకటి కాదు. వాన చూసే ఉపగ్రహం ఒకటి, చంద్రుడి మీద దిగేది ఒకటి, మనిషిని పైకి పంపేది ఇంకొకటి. మూడింటినీ ఒకే మూటగా కట్టి మెచ్చుకునేవాళ్లూ, తిట్టేవాళ్లూ ఇద్దరూ లెక్క ఎగ్గొడుతున్నట్టే.

ఉపగ్రహాల వల్ల బుడ్డలేసే రైతుకు ఏమొరిగింది?

మన జిల్లాలో సగటున ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అది కూడా ఒక వరస లేదు. పదునైన వాన ఎప్పుడొస్తుందో చూసి విత్తనం వేయాలి, వేశాక బెట్ట తగలకూడదు. ఇక్కడి రైతు కావాలనుకునేది ఒక్కటే. రేపు ఏమవుతుంది?

ఆ ప్రశ్నకు ఇన్‌శాట్-3డీఆర్, 2024 ఫిబ్రవరిలో పంపిన ఇన్‌శాట్-3డీఎస్ లాంటి ఉపగ్రహాలు పనికొస్తాయి. 36,000 కిలోమీటర్ల ఎత్తున ఒకే చోట నిలబడ్డట్టు ఉండి మబ్బుల్ని రాత్రీపగలూ ఫొటోలు తీస్తుంటాయి. వాతావరణ శాఖ వాళ్లు వాటిని, రాడార్లను, నేల మీది కొలతలను కలిపి సూచనలిస్తారు. హైదరాబాద్ బాలానగర్‌లోని ఎన్ఆర్ఎస్‌సీ అనే ఇస్రో కేంద్రం 1989లో ఉపగ్రహ చిత్రాల్లో పచ్చదనాన్ని బట్టి ఏ ప్రాంతంలో పంట ఎండుతోందో అంచనా వేసే పని మొదలుపెట్టింది. ఒక మండలాన్ని కరువు కింద ప్రకటించేటప్పుడు తీసుకునే ఆధారాల్లో ఈ పచ్చదనం లెక్క కూడా ఉంటుంది.

ఇంత ఉండీ మా ఊళ్లో విత్తనం వేసే రోజును ఎలా నిర్ణయిస్తున్నారు? కార్తెలు చూసి, పక్క చేను వాడు గొర్రు కట్టాడా లేదా చూసి. ఫోనులో వాతావరణ సలహా యాప్ ఉన్నవాళ్లు మా వీధిలో ముగ్గురు. అందులో ఒకరు నేను, నాకు పొలమే లేదు. 36,000 కిలోమీటర్లు దిగి వచ్చిన సమాచారం మండలం ఆఫీసు దాకా వస్తుంది. అక్కడి నుంచి మా ఊరికి 14 కిలోమీటర్లు. ఆ 14 దగ్గరే ఆగిపోతోంది.

భూమిలో నీళ్లు ఎక్కడున్నాయో ఉపగ్రహం నిజంగా చెప్తుందా?

దీనికి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మా ఇంట్లోనే డబ్బులు పోయాయి.

మా అన్న 2019లో మూడో బోరు వేశాడు. నీళ్లు చూసే ఆయన వచ్చి ఎడమ అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టి, పిలక వేళ్ల వైపు పెట్టుకుని చెప్పుల్లేకుండా పొలమంతా నడిచాడు. తూర్పు గట్టు దగ్గర కాయ నెమ్మదిగా లేచి నిలబడింది. అక్కడ గొయ్యి గీసి పసుపు కుంకుమ పెట్టారు. రాత్రి తొమ్మిదింటికి తమిళనాడు నంబరు ప్లేటుతో బోరు బండి వచ్చింది. రాడ్డు మీద రాడ్డు దిగుతోంది, పైకి తెల్ల దుమ్ము లేస్తోంది. మూడొందల అడుగులు, నాలుగొందలు. తడి మట్టి వాసన వస్తుందేమో అని వదిన కొంగు ముక్కుకు అడ్డం తీసేసి మరీ నిలబడింది. 680 అడుగులకు ఆపేశారు. చివరిదాకా దుమ్మే. కేసింగ్‌తో కలిపి లక్షా ఇరవై వేలయింది.

రెండేళ్ల తర్వాత, వేరే పని మీద ఒక ఆఫీసుకు పోతే గోడకు పెద్ద పటం వేలాడుతోంది. ఉపగ్రహ చిత్రాలు పెట్టుకుని తయారు చేసిన భూగర్భజల పటం. తాగునీటి పథకాల కోసం దేశమంతా ఇలాంటివి వేశారు. 1988 మార్చి 17న ఐఆర్ఎస్-1ఏ పోయిన తర్వాత మొదలైన వరసలోవే ఆ ఉపగ్రహాలు. మన జిల్లాలో కింద ఉండేది గట్టి రాయి. అందులో నీళ్లు నిలిచేది పగుళ్లలోనే. ఆ పగుళ్లు పైనుంచి చూస్తే పొడుగాటి గీతల్లా కనిపిస్తాయి, వంక తిన్నగా పోవడం, చెట్లు ఒకే వరసలో పచ్చగా ఉండటం లాంటి గుర్తులతో. మనం నల్లరాయి అనే అడ్డుగోడలు కూడా అలాగే తెలుస్తాయి. ఒకవైపు నీళ్లను ఆపేసేవి అవే. మా అన్న చేను ఉన్న చోట వేలు పెట్టి చూశాను. పగులు గీత వంకకు అవతల, పడమర వైపు పోతోంది. మేం తూర్పు గట్టు దగ్గర తవ్వాం.

అయితే ఒక మాట. ఆ పటంలో ఒక సెంటీమీటరు అంటే నేల మీద అర కిలోమీటరు. మా చేను అందులో పెన్సిలు చుక్కంత. ఉపగ్రహం "ఇక్కడ తవ్వు" అని చెప్పదు, వెతకాల్సిన జాగాను తగ్గిస్తుంది. ఆ తర్వాత భూగర్భ శాస్త్రం చదివినవాళ్లు నేలలో కరెంటు పంపి చూసే మీటరుతో వచ్చి నడవాలి. ఆ మనిషి మా ఊరికి రాలేదు. కొబ్బరికాయ ఆయన పిలిస్తే గంటలో వచ్చాడు.

కాబట్టి పెద్దాయన అడిగినదానికి నా జవాబు ఇది. నీళ్ల జాడ చెప్పే పటం ఉంది, చాలా ఏళ్లుగా ఉంది, మన డబ్బుతోనే వేశారు. అది గోడకు వేలాడుతోంది.

పంట బీమాకు ఉపగ్రహం వాడితే మంచిదేనా?

మంచిదే. నాకు ఆశ ఉన్న చోటు ఇదొకటి. మా వైపు వాన ఎలా పడుతుందంటే ఎద్దుకు ఒక కొమ్ము తడిస్తే ఇంకో కొమ్ము తడవదు. ఒక ఏడాది మండల కేంద్రంలో వాన కొలిచే యంత్రంలో మంచి వాన నమోదైంది, మా చేలల్లో దుమ్ము కూడా అణగలేదు. బీమా ఆ యంత్రాన్ని నమ్మింది. మావాళ్లు తిరిగారు, అర్జీలు పెట్టారు, ఏమీ రాలేదు.

పైనుంచి చూసే కన్ను మండలానికి ఒక్క చోట కాదు, చేను చేనునీ చూడగలదు. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి పంపిన నిసార్ ఇస్రో, నాసా కలిసి చేసిన రాడార్ ఉపగ్రహం. మబ్బులున్నా, చీకటైనా చూస్తుంది, పన్నెండు రోజులకోసారి అదే చోటికి తిరిగొస్తుంది, మట్టిలో తేమ ఎంతుందో అంచనా వేయగలదు. ఫసల్ బీమాలో 2023 ఖరీఫ్ నుంచి వరి, గోధుమల దిగుబడి అంచనాకు ఉపగ్రహ లెక్కలు కలపడం మొదలైంది. బుడ్డలకు ఇది కష్టం, కాయ మట్టిలో ఉంటుంది కదా. పైన ఆకు పచ్చగానే ఉండి కింద కాయ తాలు పోయిన ఏళ్లు ఎన్ని చూడలేదు మనం!

తుఫాన్ల సంగతి సముద్రం పక్కనోళ్లకు, మనకెందుకు?

అయినా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ మొత్తం చర్చలో అనుమానానికి తావులేని లెక్క ఇదే. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో దాదాపు పదివేల మంది పోయారు. 2013 అక్టోబరులో ఫైలిన్ వచ్చినప్పుడు చనిపోయినవాళ్లు యాభై లోపే. అది ఒక్క ఉపగ్రహం గొప్పే కాదు. రాడార్లు, తుఫాను షెల్టర్లు, జనాన్ని బస్సులెక్కించిన తహసీల్దార్లు అందరూ ఉన్నారు. కానీ నాలుగు రోజుల ముందే అది ఎక్కడుందో కనబడకపోతే బస్సులు ఎటు పంపుతారు?

మనకు సముద్రం లేదు కానీ నదులున్నాయి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచేసినప్పుడు శ్రీశైలానికి వచ్చిన వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ డ్యాం కట్టింది సుమారు 19 లక్షలకు. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య డ్యాం తెగి ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. వాయుగుండం వస్తోందని ముందే తెలుసు. తెలిసినా తెల్లారేసరికి నీళ్లు ఇళ్లలో ఉన్నాయి. పైనున్న కన్నుకు జీతం ఇస్తున్నాం. కింద గేటు ఎత్తే చెయ్యికి, ఊరిలో మైకు పట్టుకుని అరిచే గొంతుకు కూడా ఇవ్వాలి కదా.

ఫోను, నెట్, పిడుగుల యాప్ అన్నీ ఇస్రో పుణ్యమేనంట?

కాదు. వాట్సాప్‌లో తిరిగే ఇలాంటి గొప్పలు నమ్మకండి. మన సెల్‌ఫోను మాట్లాడేది ఊరి టవరుతో. టవర్ల మధ్య ఎక్కువగా నడిచేది భూమిలో పాతిన ఫైబర్ కేబుల్. ఫోనులో దారి చూపించే జీపీఎస్ అమెరికాది. అలాంటిదే మనది నావిక్, కొన్ని ఫోన్లలో ఉంది కానీ ఆ వరసలో ఇబ్బందులున్నాయి. 2025 జనవరిలో పంపిన ఎన్‌వీఎస్-02 చేరాల్సిన కక్ష్యకు చేరలేదు. పిడుగుల గురించి చెప్పే దామిని యాప్ నేల మీద పెట్టిన సెన్సర్లతో పనిచేస్తుంది. ఇక డీటీహెచ్ టీవీ, కొండల్లోని ఏటీఎంలు, సముద్రంలో చేపలు ఎక్కడ దొరుకుతాయో చెప్పే సూచన, ఇవి ఉపగ్రహాల వల్లే.

సరే, వాన చూసే ఉపగ్రహాలు ఒప్పుకుంటాం. చంద్రుడి మీదికి ఎందుకు?

నిజం చెప్తే, అనంతపురం రైతుకు చంద్రయాన్ వల్ల నేరుగా ఒక్క బస్తా కూడా పెరగదు. చంద్రుడి మీద నీటి జాడ కూడా 2008లో పోయిన చంద్రయాన్-1లో నాసా పెట్టిన పరికరం వల్ల 2009లో బయటపడింది. అదైనా మట్టికి అంటుకున్న తేమ లాంటిది, బోరు వేసి తోడుకునేది కాదు.

రాకెట్ పని కోసం కనిపెట్టిన ప్లాస్టిక్‌తో కృత్రిమ కాలు చేశారు, కాబట్టి రాకెట్ మంచిది అనే వాదన నాకు పెద్దగా ఎక్కదు. కాలు కావాలంటే నేరుగా కాలు మీదే పరిశోధన చేయొచ్చు. నాకు నచ్చే కారణం వేరు. తిండి దొరకని కాలంలో కూడా మా ఊరి గుడి గోపురం కట్టారు, చెరువు కట్ట మీద నాటకాలు ఆడారు. మనిషి కడుపు నిండాకే ఆకాశం చూడాలని రూలు పెడితే మా ఊళ్లో ఎవ్వరూ ఎప్పటికీ తల ఎత్తేవాళ్లు కాదు. మనిషికి నాలుగున్నర రూపాయల లోపు తెలుసుకోవాలన్న ఆశకు పెట్టడం నాకు ఎక్కువనిపించదు. మీకు అనిపిస్తే అది తప్పని మాత్రం అనను.

గగన్‌యాన్?

ఇక్కడ నాకు అనుమానముంది. మనిషిని పైకి పంపే ఈ యాత్రకు 2018లో 9,023 కోట్లతో ఒప్పుకున్నారు, 2022లోపు మనవాళ్లు పైకి పోతారన్నారు. 2024 సెప్టెంబరులో సొంత అంతరిక్ష కేంద్రంలో మొదటి భాగాన్ని కూడా కలిపి మొత్తాన్ని 20,193 కోట్లకు పెంచారు. అదే నెల ఒప్పుకున్న చంద్రయాన్-4కు 2,104 కోట్లు, శుక్ర గ్రహం యాత్రకు 1,236 కోట్లు. పోల్చి చూడండి. మనిషి లేకుండా పోయే యాత్రకు, మనిషిని మోసుకుని పోయి ప్రాణాలతో తేవాల్సిన యాత్రకు ఖర్చులో ఎంత తేడా ఉందో తెలుస్తుంది.

మన వ్యోమగామి శుభాంశు శుక్లా 2025 జూన్‌లో అమెరికా రాకెట్లో పైకి పోయినప్పుడు మా పిల్లలు రెండు వారాలు అదే లోకంగా ఉన్నారు. అది నేను కళ్లారా చూశాను. ఆ రాకెట్లో సీటుకు మనం పెట్టింది సుమారు 550 కోట్లు. మనిషి పైకి పోయి చేసే పనిలో యంత్రం చేయలేనిది ఎంత అనేది ఇంకా ఎవరూ నన్ను ఒప్పించలేదు. పరువు కోసం అయితే పరువు కోసమనే చెప్పాలి, రైతు పేరు చెప్పకూడదు.

ఈ ప్రశ్న మన దేశంలోనే అడుగుతారా?

అమెరికాలో మనకంటే ముందే అడిగారు. 1969 జులైలో అపోలో-11 బయల్దేరే ముందు రోజు, మార్టిన్ లూథర్ కింగ్ అనుచరుడు రాల్ఫ్ అబెర్నతి పేద కుటుంబాలను వెంటబెట్టుకుని, కంచర గాడిదల బండ్లు తోలుకుంటూ రాకెట్ కేంద్రం దగ్గరికి పోయాడు. నాసా పెద్ద థామస్ పెయిన్ బయటికి వచ్చి, చిరుజల్లులో నిలబడి ఆయనతో మాట్లాడాడు. రేపు ఆ బటన్ నొక్కకుండా ఆగితే పేదరికం పోతుందంటే నొక్కేవాళ్లం కాదు అన్నాడు. వచ్చినవాళ్లలో కొందరికి రాకెట్ చూడటానికి జాగా కూడా ఇప్పించాడు. నాకు గుర్తుండేది పెయిన్ జవాబు కాదు, ఆయన బయటికి వచ్చి నిలబడటం. అప్పుడు వాళ్ల ఖర్చు మనలా వందకు 27 పైసలు కాదు. 1966లో నాసా వాటా అమెరికా బడ్జెట్లో నాలుగు శాతం దాటింది.

విదేశాల సాయం తీసుకుంటూ రాకెట్లు వేస్తున్నారని ఇంగ్లండు వాళ్లు అన్నారంటే నిజమేనా?

అక్కడి పత్రికలు చాలాసార్లు అన్నాయి. బ్రిటన్ ఇచ్చే ఆర్థిక సాయం 2015తో ఆపేస్తామని వాళ్లే 2012లో ప్రకటించారు. ఆ సాయం మన అభివృద్ధి ఖర్చులో శనక్కాయ లాంటిదని అప్పటి ఆర్థిక మంత్రి ప్రణబ్ ముఖర్జీ పార్లమెంటులో అన్నాడు. ఢిల్లీలో శనక్కాయ అంటే చిన్న విషయం. అనంతపురంలో శనక్కాయ మీదే పెళ్లిళ్లు జరుగుతాయి, ఆగిపోతాయి.

మనకంటే పేద దేశాలు కూడా పెడుతున్నాయా?

పెడుతున్నాయి. కరువంటే ప్రపంచమంతా గుర్తు చేసుకునే ఇథియోపియా 2019 డిసెంబరులో తన మొదటి ఉపగ్రహం పంపింది. బరువు డెబ్బై కిలోల పైచిలుకు, ఖర్చులో ఎక్కువ భాగం చైనా పెట్టుకుంది, రాకెట్ కూడా చైనాదే. పంటలు, వాతావరణం చూడటానికి. పక్కవాడి ఫొటోలు కొనుక్కుంటే సరిపోదా అంటే, వాడు అమ్మినన్నాళ్లు సరిపోతుంది. మన అంతరిక్ష కార్యక్రమాన్ని మొదలుపెట్టిన విక్రమ్ సారాభాయ్ అరవైల్లో చెప్పిందీ ఇదే దారి. పెద్ద దేశాలతో చంద్రుడి మీదికి పోటీ పడాలనే మోజు మాకు లేదు, కానీ మా జనం సమస్యలకు కొత్త సాంకేతికతను వాడటంలో ఎవరికీ తీసిపోకూడదు అని. 1975-76లో అమెరికా ఉపగ్రహాన్ని ఏడాదికి వాడుకుని ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లకు టీవీ పాఠాలు చూపించారు. వ్యవసాయం, ఆరోగ్యం, పిల్లల చదువు. మన ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. టీవీ ప్రసారాలకు సొంత ఉపగ్రహం రాకముందే ఊరిని గుర్తుపెట్టుకున్న రోజులవి.

రాకెట్ కేంద్రాల వల్ల నష్టపోయిన పేదలు లేరా?

ఉన్నారు. వాళ్ల గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. శ్రీహరికోట ఖాళీ దీవి కాదు. యానాదులు తరతరాలుగా ఆ అడవిలో, పులికాట్ నీళ్లలో బతికారు. రాకెట్ కేంద్రం వచ్చాక ఊళ్లు కదిలాయి, అడవికి కంచె పడింది, బతుకు తెరువు మారిపోయింది. కేరళలో తుంబా జాలరులు తమ చర్చినే ఇచ్చారు, 1963 నవంబరు 21న మొదటి రాకెట్ అక్కడి నుంచి ఎగిరింది. ఆ చర్చి ఇప్పుడు మ్యూజియం. యానాదుల గుడిసెలకు మ్యూజియం లేదు. 93 రూపాయల లెక్కలో ఇది పడదు.

రాకెట్ ఫెయిలయితే డబ్బంతా సముద్రం పాలే కదా?

అవును, ఆ రాకెట్ వరకు. 1979 ఆగస్టులో మొదటి ఎస్ఎల్‌వీ-3 బంగాళాఖాతంలో పడింది, ఏడాది తిరక్కుండా 1980 జులై 18న అదే రకం రాకెట్ రోహిణిని కక్ష్యలో పెట్టింది. 2019లో చంద్రయాన్-2 ల్యాండర్ విక్రమ్ కూలింది, 2023లో చంద్రయాన్-3ది దిగింది. 2025 మే 18న పీఎస్ఎల్‌వీ మూడో దశలో తేడా వచ్చి భూమిని గమనించే ఉపగ్రహం పోయింది. ఎందుకు పోయిందో జనానికి పూర్తిగా చెప్పాలని మాత్రం నేను గట్టిగా అంటాను. బోరు ఎండితే మా అన్న ఊరంతటికీ చెప్పుకోవాల్సి వచ్చింది మరి.

ప్రైవేటు వాళ్లకు వదిలేస్తే ప్రభుత్వానికి ఖర్చు ఉండదు కదా?

కొంత వరకు జరుగుతోంది. హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ 2022 నవంబరు 18న విక్రమ్-ఎస్ అనే రాకెట్ ఎగరేసింది. మంచిదే. కానీ లాభం లేని చోటికి ప్రైవేటు బస్సే రాదు. మా ఊరికి రాత్రి బస్సు ఆర్టీసీ వాళ్లదే.

ఇలాంటి ప్రశ్నలు అడిగితే దేశం మీద ప్రేమ లేదంటారేమో?

అననీయండి.

మీ స్టాఫ్ రూములో అందరూ మీతో ఒప్పుకున్నారా?

లేదు. మా సోషల్ సార్ అసలు ఒప్పుకోలేదు. ఆయన మాట నేను ఇప్పటికీ పూర్తిగా కొట్టేయలేకపోతున్నాను. "మీరు డబ్బు లెక్కేస్తున్నారు సార్, నేను చూపు లెక్కేస్తున్నా" అన్నాడు. ఆ ఆగస్టులో టీవీల్లో వారం పాటు చంద్రుడే. అదే వారం మన మండలంలో బుడ్డలు ఎండిపోయాయి, ఒక్క కెమెరా రాలేదు. ఇదే రాష్ట్రంలో అయిదేళ్ల లోపు పిల్లల్లో వందకు 31 మంది వయసుకు తగిన ఎత్తు లేరని 2019-21 జాతీయ ఆరోగ్య సర్వే చెప్పింది, దానికి కౌంట్‌డౌన్ పెట్టి లైవ్ ఇచ్చినవాళ్లు లేరు. రాకెట్ ఎగిరితే మంత్రులు చప్పట్లు కొడతారు, అంగన్‌వాడీలో తూకం మిషను చెడిపోతే ఎవరికీ టెన్షన్ ఉండదు.

దానికి నేను, "మరి చంద్రయాన్ లేకపోతే ఆ కెమెరా మన చేలోకి వచ్చేదా?" అన్నాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "రాదు. అదే కదా బాధ" అన్నాడు. గంట కొట్టారు, ఇద్దరం క్లాసుకు పోయాం.

మా పాప ఇస్రోలో చేరాలంటుంది సార్, ఏం చేయాలి?

ఎక్కువ మంది అడిగింది ఇదే, అందులోనూ అమ్మలు. తొమ్మిదో తరగతి చదివే పిల్లలకు ఇస్రో యువిక అని వేసవిలో రెండు వారాల శిక్షణ ఇస్తుంది. ఎనిమిదో తరగతి మార్కులు, ఆన్‌లైన్ క్విజ్, సైన్స్ ఫెయిర్లు, ఆటలు చూస్తారు. పంచాయతీలోని బడిలో చదివే పిల్లలకు అదనంగా మార్కులుంటాయి కాబట్టి మా బడి పిల్లలకు అది లాభమే. పోయి రావడానికి ఛార్జీలు, ఉండటానికి, తిండికి వాళ్లే చూసుకుంటారు. తర్వాత ఇంటర్ ఎంపీసీ, జేఈఈ అడ్వాన్స్‌డ్ రాస్తే తిరువనంతపురంలోని ఐఐఎస్‌టీ ఉంది. ఇంజనీరింగ్ అయ్యాక ఇస్రో నియామక పరీక్ష వేరే ఉంటుంది. పది తర్వాత ఐటీఐ చేసినవాళ్లకు కూడా శ్రీహరికోటలో టెక్నీషియన్ ఉద్యోగాలు పడుతుంటాయి, ఆ సంగతి చాలామందికి తెలియదు.

యువిక నోటిఫికేషన్ ఈమధ్య ఏళ్లలో ఫిబ్రవరి చివర్లో వస్తోంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. స్టడీ సర్టిఫికెట్ మీద హెడ్‌మాస్టర్ సంతకం కావాలి, మా హెచ్ఎం శనివారం మధ్యాహ్నం దొరకరు. చివరి రోజు దాకా ఆగొద్దు, సర్వర్ నడవదు.